కదలికల శిబిరం: దరఖాస్తు నుంచి ఇంటికొచ్చిన తర్వాతి వారాల దాకా

ఇలాంటి శిబిరాల ప్రకటనల్లో చెట్లు, ఏరు, చేతులు చాచి నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. ఏ పూట ఏం చేయిస్తారు, ఒళ్లు ఎక్కడ పట్టేస్తుంది, ఏడుపు ఎప్పుడొస్తుంది, ఇంటికొచ్చాక మనసు ఎలా ఉంటుంది అన్నవి మాత్రం ఎవరూ చెప్పరు. ప్రకృతి మధ్య, నలుగురితో కలిసి, శరీర కదలికతో మనసును కుదుటపరచుకునే శిబిరం ఒకటి ఈమధ్యే పూర్తిచేశాను. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని జరిగిన వరసలోనే రాస్తున్నాను.

దరఖాస్తు ఫారం చూస్తేనే శిబిరం ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. పేరు, వయసు, డబ్బు కట్టే లింకు మాత్రమే ఉంటే అక్కడితో ఆగిపోండి. మాకిచ్చిన ఫారం నాలుగు పేజీలు. మోకాళ్లు, నడుము, మెడ నొప్పులున్నాయా, మూర్ఛ, గుండె జబ్బు, బీపీ ఉన్నాయా, గర్భవతులా, గత ఏడాదిలో ఆపరేషన్లేమైనా జరిగాయా, ఏ మందులు వాడుతున్నారు, వాటిలో మానసిక వైద్యులు రాసినవేవి, ఈమధ్య దగ్గరివాళ్లెవరైనా పోయారా, ప్రస్తుతం కౌన్సెలింగ్ తీసుకుంటున్నారా అని అన్నీ అడిగారు. ఆఖరున ఇంకో ప్రశ్న ఉంది: మనసు చెదిరినప్పుడు పక్కవాళ్లు ఏం చేస్తే మీకు ఊరట, ఏం చేస్తే చిరాకు? దీనికి ఒక్క మాటలో జవాబు రాసి ఊరుకోవద్దు. శిబిరం మధ్యలో మీరు కూలబడ్డప్పుడు నడిపేవాళ్లు తిరగేసి చూసేది ఈ జవాబునే.

ఫారం పంపాక దాదాపు రెండు వారాలకు ఫోన్ చేశారు. అరగంట పైనే మాట్లాడారు. సీటు ఉందా లేదా అన్నది ఆ సంభాషణ తర్వాతే తేలుతుంది. ఆప్తులు పోయి కొద్ది వారాలే అయినవాళ్లను, మానసిక వైద్యానికి సంబంధించిన మందు ఈమధ్యే మార్చినవాళ్లను, ఆత్మహత్య ఆలోచనలతో సతమతమవుతున్నవాళ్లను మంచి శిబిరం తర్వాతి విడతకు రమ్మంటుంది, లేదా ముందు వైద్యుణ్ని కలవమంటుంది. దాన్ని తిరస్కారంగా తీసుకోవద్దు. మందులు ఆపేసి రమ్మని ఎవరైనా అంటే మాత్రం ఆ శిబిరం వైపు పోవద్దు.

ఆ ఫోన్‌లో మీరు కూడా అడగాలి. నడిపేవాళ్లు ఎక్కడ శిక్షణ పొందారు, ఎంతకాలం, ఇప్పటికీ వాళ్ల పనిని పైనుంచి చూసే సీనియర్ ఎవరైనా ఉన్నారా? నృత్యం నేర్పడం వేరు, శరీర కదలికనే మానసిక చికిత్సగా వాడే డ్యాన్స్ మూవ్‌మెంట్ థెరపీ వేరు. రెండోది ఆసుపత్రి వార్డుల్లో పెరిగింది. అమెరికన్ నర్తకి మరియన్ చేస్ 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో పని మొదలుపెట్టారు, 1966లో అమెరికాలో ఈ వృత్తికి సంఘం ఏర్పడింది. కాబట్టి థెరపీ అనే మాట వాడేవాళ్లను అర్హత అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అన్నిటికన్నా నేను ఎక్కువ బరువిచ్చే ప్రశ్న ఒకటుంది: ప్రతి పూటా సాధనను ఎలా ముగిస్తారు, ముగింపుకు ఎంతసేపు కేటాయిస్తారు? మనిషిలో దాగిన బాధను కదిపి పైకి తేవడం ఏమంత కష్టం కాదు. పెద్ద డప్పు, వేగమైన శ్వాస, చుట్టూ పది మంది ఉంటే చాలు, వచ్చేస్తుంది. వచ్చినదాన్ని మళ్లీ కుదురుగా సర్దడంలోనే నేర్పంతా ఉంది. గంటన్నర సాధనలో కనీసం 20 నిమిషాలు దానికే ఉంటాయని చెప్పినవాళ్లను నమ్మవచ్చు. ‘అది సహజంగా జరిగిపోతుంది’ అన్నవాళ్లను నమ్మలేం.

ఖర్చు సంగతి. ప్రకటనలో రాసిన రుసుము మొత్తం ఖర్చు కాదు. గది, భోజనం అందులో కలిశాయో లేదో, ఒంటరి గదికి అదనమెంతో, చివరి స్టేషన్ నుంచి శిబిరం దాకా బండి ఎవరు పెడతారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఆఖరి మజిలీ ప్రయాణమే చాలామంది లెక్క తప్పించేది. మనం రద్దు చేసుకుంటే ఏ తేదీ వరకు ఎంత తిరిగొస్తుంది, వాళ్లే మధ్యలో మనల్ని పంపించేస్తే ఎంత వస్తుంది అన్నది కూడా అడగాలి. మొదటిది అందరూ రాస్తారు, రెండోది అడిగితేనే చెబుతారు. తిరిగొచ్చాక ఒకటి రెండు రోజులు సెలవు పెట్టుకోవాల్సి వస్తుంది, అది కూడా ఖర్చుకిందే లెక్క.

సామాను విషయంలో జాబితా ఇస్తారు గానీ అందులో లేనివి కొన్ని చెబుతాను. వీపు వైపు జిప్పు, నడుం దగ్గర లోహపు బకిల్ ఉన్న బట్టలు వద్దు. నేలమీద దొర్లేటప్పుడు వెన్నుపూసకు గుచ్చుకుంటాయి. రోజుకు రెండు జతలు తడుస్తాయి, ఒకటి చెమటకు, ఒకటి మంచుకు. మెత్తటి పలుచని అడుగున్న బూట్లు ఒక జత, పట్టున్న బూట్లు ఒక జత ఉండాలి. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే వదిలేయండి, గోళ్లు కత్తిరించుకోండి. కళ్లద్దాలవాళ్లు వెనక కట్టుకునే తాడు తెచ్చుకోవాలి. కాంటాక్ట్ లెన్సులతో దుమ్ములో పొర్లితే కళ్లు మండుతాయి. గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం కావాలి, ఎందుకంటే రాసేదంతా ఒళ్లో పెట్టుకునే.

మొదటి రోజు మధ్యాహ్నం చేరుకున్నాం. 14 మందికి నడిపేవాళ్లు ఇద్దరు. మూడో మనిషి ఒకరు ఎందులోనూ పాల్గొనకుండా అంచున నిలబడి అందర్నీ గమనిస్తూ ఉంటారు. ఈ మూడో మనిషి లేని చోట, ఒకరికి బాగోలేకపోతే మిగతావాళ్ల సాధన నడిపే మనిషి ఉండరు. ముందుగా ఒప్పందాలు చెప్పారు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. అడగకుండా తాకకూడదు. ఏ సాధననైనా కారణం చెప్పకుండా మానుకోవచ్చు. అరచెయ్యి ఎత్తితే ఎవరైనా సరే ఆగిపోవాలి. ఫోటోలు లేవు. ఫోన్లు పెట్టెలో పెట్టాలి, ఇంటివాళ్లకు శిబిరం నంబరు ఇచ్చుకోవచ్చు.

తర్వాత చేసింది నాకు బాగా నచ్చింది. అందరం భుజానికి భుజం దూరంలో వరసగా నిలబడి, నేల చూసుకుంటూ మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం. ముళ్లు, గాజు పెంకులు, మొనదేలిన రాళ్లు ఏరి పక్కన పెట్టాం. చీమల పుట్టలకు, పైకి తేలిన వేర్లకు రంగు గుడ్డ పీలికలు కట్టాం. తలలెత్తి ఎండిపోయి వేలాడే కొమ్మలు కూడా చూశాం. నేల ఏ వైపు వాలిందో చూసి గుర్తుపెట్టారు. కళ్లు మూసుకుని కదిలే మనిషి తెలియకుండానే పల్లం వైపు జారిపోతాడు, అందుకని చూసేవాళ్లను ఎప్పుడూ పల్లపు వైపునే కూర్చోబెడతారు. ఇదంతా ముప్పావు గంట పట్టింది. ఆ నేలను అంగుళం అంగుళం చూసుకున్నాక, దానిమీద వెల్లకిలా పడుకోవడానికి ఎవరూ జంకలేదు.

ఆ సాయంత్రం సాధనలో పెద్ద కదలికలేవీ లేవు. నిలబడి బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, మడమ ఎక్కడ ఆనుతోందో గమనించడం, అంతే. మర్నాడు ఉదయం నుంచి సూచనలన్నీ నాలుగు మాటల చుట్టూ తిరిగాయి: బరువు, కాలం, స్థలం, ప్రవాహం. ఇది నృత్యకారుడు రుడాల్ఫ్ లాబాన్ పద్ధతి. ఆయన 1913లోనే స్విట్జర్లాండ్‌లోని మోంటే వెరితా కొండమీద ఆరుబయట నృత్య పాఠశాల నడిపారు. బరువుగా, నిదానంగా ఐదు నిమిషాలు. అదే బరువుతో, ఈసారి వేగంగా ఐదు నిమిషాలు. తర్వాత తేలిగ్గా, వేగంగా. ఏది మనకు అలవాటు, దేనికి ఒళ్లు మొరాయిస్తోంది అన్నది పదిహేను నిమిషాల్లోనే తెలిసిపోతుంది. నృత్యం రావాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. నేర్చుకున్నవాళ్లే మొదటి పూట ఎక్కువ ఇబ్బంది పడ్డారు, వాళ్ల చేతులు వాటంతటవే ముద్రల్లోకి వెళ్లిపోతున్నాయి.

ఆరుబయట సిగ్గు వేరే రకంగా ఉంటుంది. హాల్లో అయితే చప్పుడు గోడలకు తగిలి మనల్ని కప్పేస్తుంది. ఇక్కడ సంగీతం గాలిలో కలిసిపోతుంది, మన శ్వాస మనకే వినిపిస్తుంది. అందుకే స్పీకర్ పెట్టలేదు, ఒక్క చేతి డప్పుతో సరిపెట్టారు. నడిపే మనిషి గాలి వచ్చే వైపు నిలబడి మాట్లాడేవారు, గాలి మాటను మోసుకొస్తుందని. గాలి దిశ మారితే ఆమె కూడా చోటు మారేది.

రెండో రోజు సాయంత్రం అమెరికన్ నర్తకి గాబ్రియేల్ రాత్ రూపొందించిన ఐదు లయల క్రమంలో సాగాం: ప్రవాహం, తెగిన కదలికలు, అల్లకల్లోలం, తేలిక, నిశ్చలత. చిక్కంతా మూడోదాంట్లో. తలను వదిలేయమంటారు. వదిలేయడం అంటే విసరడం కాదు. తల వెన్ను వెంట పోవాలి గానీ, తలను ముందు విసిరి వెన్నును లాక్కుపోతే మర్నాడు మెడ తిరగదు. పాదాలు నేలను వదలకూడదు, మోకాళ్లు కాస్త వంగి ఉండాలి. ఇంకొకటి, శ్వాస. పది నిమిషాలు నోటితో వేగంగా ఊపిరి పీలుస్తుంటే పెదాలు, వేళ్ల కొసలు జివ్వుమంటాయి, ఒక్కోసారి వేళ్లు కొంకర్లు పోతాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల వచ్చేదే ఇది. కొన్నిచోట్ల దీన్ని శక్తి విడుదలవుతోందని చెప్పి ఇంకా ఊపిరి పీల్చమంటారు. అది తప్పు, ప్రమాదం కూడా. మా దగ్గర ఒకామెకు ఇలాగే అయితే వెంటనే కూర్చోబెట్టి, కళ్లు తెరిపించి, ఊపిరిని పీల్చినదానికన్నా ఎక్కువసేపు మెల్లగా వదలమన్నారు. కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పించారు. కొద్ది నిమిషాల్లో తేరుకుంది. ఆ పూట ఆమెను మళ్లీ మూడో లయలోకి రానివ్వలేదు.

ఆ సాధన ముగింపు 25 నిమిషాలు సాగింది. పడుకున్నవాళ్లు ముందు పక్కకు తిరగాలి, చేతిమీద బరువు మోపి లేచి కూర్చోవాలి, కాసేపు ఆగి నిలబడాలి. చెమటతో, కాస్త నీరసంతో ఉన్నప్పుడు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. తర్వాత ఎవరి పాదాలు వాళ్లే తడిగుడ్డతో తుడుచుకోవడం, నీళ్లు తాగడం, ఒక్కొక్కరు ఒక్క వాక్యం చెప్పడం. నలుగురైదుగురికి కన్నీళ్లొచ్చింది ఇక్కడే. కదిలేటప్పుడు కాదు, ఆగాక. వచ్చిన కన్నీటిని చూసి ఎవరూ పరుగెత్తుకెళ్లి కౌగిలించుకోకూడదని ముందే చెప్పారు. ఓదార్పు తొందరపడితే ఏడుపు మధ్యలోనే తెగిపోతుంది. ‘పక్కన కూర్చోనా?’ అని మాత్రం అడగవచ్చు. చాలామంది తల ఊపారు.

మూడో రోజు అందరికీ గడ్డు రోజే. అలవాటులేని కదలికల నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది, సరిగ్గా అందులో పడతాం. పైకెక్కడంకన్నా గొంతుక్కూర్చోవడం, వాలులో దిగడం తొడలను, పిక్కలను ఎక్కువ నొప్పిస్తాయి. కొత్తచోట నిద్ర పట్టదు. పైగా ఆ రోజు మధ్యాహ్నం దాకా మౌనం. వెళ్లిపోదామన్న ఆలోచన గుంపులో సగంమందికి ఈ రోజే వచ్చింది. ఈ పూటకు బరువైన సాధన పెట్టిన శిబిరం అనుభవం లేనిదని అర్థం. మాకు ఉదయం అడవిలో నెమ్మది నడక మాత్రమే పెట్టారు. 1982లో జపాన్ అటవీ శాఖ షిన్‌రిన్ యోకు (అడవి స్నానం) పేరుతో ప్రచారంలోకి తెచ్చిన తరహా నడక ఇది. రెండు గంటల్లో ఒక కిలోమీటరు కూడా సాగదు. ప్యాంటు కొసలు సాక్సుల్లోకి దోపుకోవాలి, తిరిగొచ్చాక మోకాలి మడత, నడుం పట్టీ, చెవుల వెనక పిడుదులున్నాయేమో వెతుక్కోవాలి.

ఆ రోజు మధ్యాహ్నం మొదలుపెట్టినదే నా దృష్టిలో శిబిరం మొత్తానికీ ముఖ్యమైన సాధన. నర్తకి మేరీ వైట్‌హౌస్ 1950ల్లో మొదలుపెట్టి, తర్వాత జానెట్ ఆడ్లర్ తీర్చిదిద్దిన ఆథెంటిక్ మూవ్‌మెంట్. ఇద్దరిద్దరుగా చేస్తారు, ఒకరు కదిలేవారు, ఒకరు సాక్షి. చిరుగంట మోగగానే కదిలేవారు కళ్లు మూసుకుని, కళ్లద్దాలు సాక్షి చేతికిచ్చి, ఎదురుచూస్తారు. కదలాలని అనుకుని కదలకూడదు, కదలిక పుట్టేదాకా ఆగాలి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగదు. ఏదో ఒకటి చేసి చూపించాలన్న తహతహ గొంతులో తెలుస్తుంది. దాన్ని దాటాక ఒక భుజమో, బొటనవేలో తనంతట తాను కదులుతుంది. మొదటిసారి 10 నిమిషాలు, మర్నాడు 20. పెద్దగా, వేగంగా కదలాలనిపిస్తే కళ్లు తెరవడం నియమం. ఎండ మొహంమీదికి జరిగినా, చీమ పాకినా కళ్లు తెరిచి సర్దుకుని మళ్లీ మూసుకోవచ్చు. కదిలేవారు చెట్టుకో బండకో దగ్గరపడితే సాక్షి ముందుగా ఒప్పుకున్నట్టు మోచేతిని రెండువేళ్లతో తాకి ఆపుతారు, నోటితో పిలవరు.

సాక్షి పనే కష్టం. రాసుకోకూడదు, అర్థాలు వెతక్కూడదు, కాళ్లు తిమ్మిరెక్కినా మెల్లగా సర్దుకోవాలి. చూస్తూనే తన ఒంట్లో ఏం జరుగుతోందో గమనించుకోవాలి. గంట మోగాక ముందు కదిలినవాళ్లే మాట్లాడతారు, అదీ జరిగిపోయిందని కాకుండా ఇప్పుడే జరుగుతున్నట్టుగా. వాళ్లు అడిగితేనే సాక్షి నోరు విప్పాలి. ‘నీకు బాధేసింది’ అనకూడదు. ‘నీ కుడిచెయ్యి నేలమీద మూడుసార్లు నిమిరింది, మూడోసారి నా ఛాతీ బిగుసుకుంది’ అనాలి. చూసింది ఒకటి, తనకనిపించింది ఇంకొకటి, రెంటినీ విడిగా చెప్పాలి. వ్యాఖ్యానం కలిపితే కదిలినవాళ్లు తర్వాతిసారి ఆ వ్యాఖ్యానానికి తగ్గట్టే కదులుతారు. తీర్పు చెప్పని కళ్ల ముందు ఇరవై నిమిషాలు ఉండగలగడం ఎంత ఊరటో మాటల్లో పెట్టడం కష్టం. భుజాలు వాటంతటవే దిగిపోతాయి. ఏళ్లుగా ఎత్తిపట్టి ఉంచామని అప్పుడు తెలుస్తుంది.

నాలుగో రోజు బొమ్మలు. మోకాలెత్తు కాగితంమీద తనను తాను గీసుకుని, ఆ బొమ్మను కదలికగా చేయడం. అమెరికన్ నర్తకి అన్నా హాల్‌ప్రిన్ పద్ధతి ఇది. ఆమె ఇంటి దగ్గర చెట్ల మధ్య 1954లో కట్టిన చెక్క వేదిక ఆరుబయట నృత్యానికి పేరుపడ్డది. 1972లో క్యాన్సర్ బయటపడ్డాక బొమ్మ గీయడం, దాన్ని నర్తించడం ఆమె పనిలో ఇంకా ముఖ్యమయ్యాయి. ఆమె శస్త్రచికిత్స కూడా చేయించుకున్నారన్న సంగతి వదిలేసి, నృత్యంతోనే క్యాన్సర్ నయమైందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. ఆచరణలో రెండు విషయాలు: నీటిరంగులు మంచుకు కారిపోతాయి, ఆయిల్ పాస్టెల్స్ వాడాలి, కాగితం నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి.

ఆ సాయంత్రం ఉరుము వినిపించింది. ఒక్క ఉరుముకే సాధన ఆపి అందర్నీ హాల్లోకి తీసుకెళ్లారు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిస్తేగాని బయటికి వదల్లేదు. వాన వెలిశాక తడి వేరుమీద ఒకరి చీలమండ మడతపడింది. ఐసు పెట్టి, పట్టీ చుట్టి, కాలు ఎత్తుమీద ఉంచారు. మర్నాడు ఆయన్ను గదిలో వదిలేయకుండా సాక్షిగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఇలాంటి చోట గుంపు నుంచి విడిపోవడం కాలి నొప్పికన్నా ఎక్కువ బాధపెడుతుంది.

ఆఖరి ఉదయం అందరం కలిసి వలయాలుగా తిరిగాం. కాలిఫోర్నియాలోని తమల్‌పైస్ కొండ దారుల్లో వరస హత్యలు జరిగి జనం అటు వెళ్లడానికి భయపడుతున్నప్పుడు, 1981లో హాల్‌ప్రిన్ స్థానికులతో కలిసి చేసిన నృత్యం నుంచి పుట్టిన రూపం ఇది. ఎవరికోసం పరుగెడుతున్నారో పైకి చెప్పి వలయంలోకి అడుగుపెట్టాలి. అలసినవాళ్లు లోపలి వలయంలో నడుస్తారు. గుండ్రంగా ఒకే వైపు తిరిగితే లోపలి కాలిమీద భారం పడుతుంది కాబట్టి డప్పు మారినప్పుడల్లా ఎదురు దిశకు తిరగాలి.

మిగిలిన సగం రోజు పూర్తిగా తిరుగు ప్రయాణానికే కేటాయించారు. ఫోన్లు బయల్దేరే ముందు కాకుండా రెండు గంటలు ముందే ఇచ్చారు, ఆ ఒక్కసారిగా పడే సందేశాల తాకిడి అక్కడుండగానే తగలాలని. ఇంట్లో ‘ఎలా జరిగింది?’ అని అడిగితే చెప్పడానికి రెండు వాక్యాలు రాసుకోమన్నారు. జంటలుగా ఫోన్ నంబర్లు మార్చుకున్నాం. సొంతంగా బండి నడపాల్సినవాళ్లను భోజనం చేసి, గంటసేపు పడుకున్నాకే కదలనిచ్చారు.

ఇంటికొచ్చాక మొదటి రోజు హుషారుగా ఉంటుంది. రెండు మూడు రోజులకు మనసు చప్పబడుతుంది, లైట్లు, శబ్దాలు కరుకుగా తగులుతాయి, కలలెక్కువ వస్తాయి, ఊరికే కోపమొస్తుంది. నా విషయంలో ఇది వారం పైనే ఉంది. దీని గురించి ముందే హెచ్చరించారు కాబట్టి భయపడలేదు. ఉద్యోగం మానేయడం, బంధం తెంచుకోవడంలాంటి నిర్ణయాలు రెండు వారాలపాటు తీసుకోవద్దన్నారు, ఆ సలహా బంగారం. వరసగా నిద్ర పట్టకపోయినా, గుండెదడ, భయం తగ్గకుండా పెరుగుతున్నా, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన వచ్చినా శిబిరంవాళ్లు చేసే ఫాలో-అప్ కాల్ కోసం చూడకుండా వెంటనే వైద్యుణ్ని కలవాలి.

రోజూ చేయమన్నది పది నిమిషాలే. ఏడు నిమిషాలకు అలారం పెట్టుకుని కళ్లు మూసుకుని కదలడం, మిగతా మూడు నిమిషాలు పక్కకు తిరిగి లేవడం, నీళ్లు, ఒక్క వాక్యం రాయడం. ఆ మూడు నిమిషాలు వదిలేస్తే మొత్తం మానేయడమే మేలని గట్టిగా చెప్పారు. రెండు వారాల తర్వాత ఫాలో-అప్ కాల్‌లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, నొప్పులు తగ్గాయా, జంటలో ఉన్నవాళ్లతో మాట్లాడారా అని అడుగుతారు. ఆ ఒక్క వాక్యాలు రాసిన నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని మాట్లాడండి, రోజులవారీగా జవాబు చెప్పవచ్చు. మా గుంపులో ఇద్దరికి ఆ కాల్‌లోనే విడిగా కౌన్సెలర్‌ను చూడమని సూచించారు, పేర్లు కూడా వాళ్లే ఇచ్చారు.